మీటరు మీద గోళ్ళరంగు

మా అత్తగారు వరసగా రెండు పందేలు పచ్చదీపం వెలగకముందే ఓడిపోయారు.

పందేలంటే కార్ల పందేలు. ఊరి చివర, విమానాలు రావడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. నెలకో ఆదివారం అక్కడ కార్లు రెండేసి చొప్పున పక్కపక్కన నిలబడతాయి. ఎదురుగా స్తంభం మీద మూడు పసుపు దీపాలు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఆ తర్వాత పచ్చ. పచ్చ పడగానే పావు మైలు తిన్నగా దూసుకుపోవడం, అంతే. పచ్చకి ముందే చక్రం గీత వదిలిందా, ఎర్ర వెలుగుతుంది. ఎర్ర వెలిగితే సామాను సర్దుకుని ఇంటికి రావడమే.

అత్తగారికి అరవై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా నడుపుతున్నారు. ఇన్నేళ్ళలో ఆవిడకి ఎర్ర పడింది ఏడే సార్లు. మొదటి ఐదూ ఏ ఏడాది, ఏ నెలలో పడ్డాయో, ఆ రోజు ఎవరు ఏమన్నారో కూడా చెప్పగలరు. చివరి రెండూ మాత్రం ఈ ఏడాదివే, ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక పడ్డవి.

ఆ రెండుసార్లూ ఆవిడ తొందరపడలేదు. బండే పాకింది. మా బండి పేరు గేదె. నల్లటి పాత రెండు తలుపుల కారు. పొడుగాటి ముక్కు, వెడల్పాటి నడుం. బయల్దేరే ముందు అత్తగారు ఎడమకాలితో బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, కుడికాలితో ఇంజన్ని లేపుతారు. ఇంజన్ తిరుగుడు చూపించే గుండ్రటి మీటరు అద్దం మీద, రెండువేల ఎనిమిది వందల దగ్గర, చిన్న ఎర్రగీత ఉంది. ముల్లు ఆ గీత మీదికి వచ్చి నిలబడాలి. చివరి పసుపు దీపం పడగానే బ్రేకు వదిలి, కుడికాలు నేలకి ఆనించాలి. చక్రం గీత వదిలేసరికి పచ్చ పడుతుంది. ఈ ఏడాది ముల్లు గీత మీదికి వచ్చేసరికి గేదె బ్రేకుని లెక్క చెయ్యకుండా జానెడు ముందుకి జరిగేది. జానెడు చాలు, ఎర్ర వెలగడానికి.

రెండో ఎర్ర పడ్డ రోజు సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. మా ఆయన గ్లాసు ఎత్తి దించారు, మళ్ళీ ఎత్తి దించారు. నీళ్ళు మాత్రం తాగలేదు.

"అమ్మా, ఒక మాట."

"రెండు మాటలు అను. ముందు ఆ నీళ్ళు తాగు."

"మోకాలు మునపటిలా లేదు. ఇవాళ జానెడు పాకింది, రేపు రెండు గజాలు పాకితే? ఎదురుగా మనుషులుంటారు. నువ్వింక కూర్చుని చూడు. బండి నేను నడుపుతాను."

ఆ గొంతులో బెంగ ఎంత ఉందో ఆశా అంతే ఉంది. ఇరవయ్యో ఏట నుంచీ ఆ సీటు వంక చూస్తున్న మనిషి. ఆయన్ని తప్పుపట్టలేను. అలాగని ఆవిడని దిగమనీ అనలేను. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. లేచి గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

అత్తగారు మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు.

"ఈ ఏడాదికి ఇంకొక్క పందెం ఉంది," అన్నారు. "ఆ రోజు బండి అంగుళం పాకినా తాళంచెవి నీ చేతిలో పెట్టేస్తా. పాకకపోతే ఈ ఇంట్లో మోకాలి మాట మళ్ళీ వినపడకూడదు."

"మాట తప్పకూడదు."

"నేనెప్పుడు తప్పానురా? కూరలో ఉప్పు తగ్గిస్తానన్న మాట తప్ప!"

*

మర్నాడు పొద్దున్నే ఆవిడ గదిలోంచి దబ్బున చప్పుడు వచ్చింది. పరిగెత్తాను. అత్తగారు గోడకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కుర్చీ వెనక బరువైన బట్టల పెట్టె ఆనించి ఉంది. స్నానాల గదిలో బరువు చూసుకునే మిషన్ని గోడకి నిలబెట్టి, ఎడమ పాదంతో దాన్ని తన్నిపట్టి ఉన్నారు.

"వచ్చావా? వంగి చూడలేకపోతున్నా. ఎంతుందో చెప్పు."

"యాభై నాలుగు కిలోలు, అత్తయ్యా."

"ఇప్పుడు కుడికాలు."

"యాభై ఆరు."

"మళ్ళీ చూడు."

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. అంకె ఒకసారి వస్తే నమ్మను, మూడుసార్లు చూస్తాను. ఆవిడ చేత మూడేసిసార్లు తన్నించాను. ఎడమకాలు కుడికాలి కంటే రెండు కిలోలు మాత్రమే తక్కువ. డాక్టరు చెప్పిన వ్యాయామాలు ఆర్నెల్లు ఒక్క రోజు మానకుండా చేశారు. టీవీ చూస్తూ కూడా కాలికి ఇసుక సంచి కట్టుకుని ఎత్తి దించేవారు. ఆ కష్టం ఊరికే పోలేదు.

అత్తగారు అంకెలు విని నవ్వలేదు. కనుబొమలు ముడిపడ్డాయి.

"కాలు బాగానే ఉంది. బ్రేకులు నేనే విప్పి చూశా, అవీ బాగానే ఉన్నాయి. మరి బండి ఎందుకు పాకుతోందే?"

నాకు అప్పుడు తట్టింది, మేమందరం చేసిన తప్పు. బండి పాకగానే ఇంటిల్లిపాదీ మోకాలి వైపు చూశాం. ఆపరేషన్ అయిన మోకాలు కళ్ళెదుట ఉండగా ఇంకో చోట వెతకాలని ఎవరికి తోస్తుంది? నిజం చెప్పాలంటే ఆవిడ కూడా రెండు నెలలు మోకాలినే తిట్టుకున్నారు. కానీ తిట్టి ఊరుకోలేదు, తూచి చూశారు. నాకు ఆవిడలో నచ్చేది అదే.

ఆవిడ లేచి, చెప్పులు వేసుకుని, షాపులోకి నడిచారు. ఇంటి ముందుభాగమే మా షాపు. మామగారు ఉన్నన్నాళ్ళూ అక్కడ గేర్‌బాక్సులు బాగుచేశారు, ఇప్పుడు మా ఆయన చేస్తున్నారు. ఆ వేళ ఆయన మోచేతుల దాకా నూనెతో, ఎవరిదో గేర్‌బాక్సు ముందు కూర్చుని ఉన్నారు.

"అబ్బాయ్, కిందటి వానాకాలంలో, నా ఆపరేషన్ రోజుల్లో, గేదె టార్క్ కన్వర్టర్ పాడైతే మార్చావు కదా. పాతదాని లాంటిదే వేశావా?"

మా ఆయన చేతులు ఆగాయి. "ఇంకా మంచిది వేశానమ్మా. పాతది మరీ లూజు. సగం జోరు నూనె వేడెక్కడానికే పోయేది. ఇది కాస్త టైటుగా..."

"టైటుగా!"

టార్క్ కన్వర్టర్ అంటే ఏమిటో నేను ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే తెలుసుకున్నాను. మామగారు భోజనాల బల్ల మీద రెండు చిన్న టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్చి వేశారు. ఆ గాలికి రెండోది దానంతటదే తిరిగింది. "ఇంజన్ మొదటి ఫ్యాను, చక్రాలు రెండోది. మధ్యలో గాలి బదులు నూనె. అంతేనమ్మా మా వ్యాపారం," అన్నారు. రెండో ఫ్యాను రెక్కలు నా చేత్తో పట్టి ఆపించారు. మొదటిది తిరుగుతూనే ఉంది, నా వేళ్ళకి మాత్రం తోపు తెలుస్తోంది. "ఆ వేళ్ళే బ్రేకు," అన్నారు.

ఇప్పుడు అత్తగారు షాపు మధ్య నిలబడి తన రెండు అరచేతుల్నీ ఎదురెదురుగా పెట్టారు.

"మీ నాన్న ఫ్యాన్ల ఆట గుర్తుందా? నువ్వు రెండు ఫ్యాన్లనీ ఇంత దగ్గరికి జరిపావు. అదే వేగానికి తోపు రెట్టింపవదూ? పాతదానితో రెండువేల ఎనిమిది వందలంటే బండికి నిద్రమత్తు. దీనితో రెండువేల ఎనిమిది వందలంటే తాడు తెంపుకునే కోపం. పాకక ఏం చేస్తుంది? పాపం నా మోకాల్ని ఆడిపోసుకున్నారు!"

మా ఆయన చాలాసేపు గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నారు. పని తెలిసిన మనిషి. ఒప్పుకోక తప్పలేదు.

"అయితే పాతది వెతికి మళ్ళీ వేసేస్తా."

"వద్దు. ఇదే మంచిది, నూనె చల్లగా ఉంటోంది. మార్చాల్సింది ఆ ఎర్రగీత."

ఆయన తల చటుక్కున పైకి లేచింది. "అమ్మా! అది నాన్న పెట్టిన గుర్తు!"

ఆ గీత గురించి చెప్పాలి. మామగారు పోయిన నాలుగేళ్ళ నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. డాష్‌బోర్డు తుడిచేటప్పుడు కూడా మా ఆయన గుడ్డ కొసని చూపుడువేలికి చుట్టుకుని గీత చుట్టూ తిప్పేవారు, దాని మీద మాత్రం పడనిచ్చేవారు కాదు. కన్వర్టర్ మార్చినప్పుడు గీత సంగతి ఆయనకి తోచకపోవడానికి కారణం అదే. నాన్న గీత తప్పెలా అవుతుంది?

అత్తగారు కొడుకు మొహంలోకి చూసి మెల్లిగా అన్నారు.

"మీ నాన్న ఎప్పుడైనా గోళ్ళకి రంగేసుకోవడం చూశావట్రా?"

మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది నా గోళ్ళరంగు. నాకు ముప్ఫై రెండేళ్ళప్పుడు మూడు ఆదివారాలు పరిగెత్తించి పరిగెత్తించి ఆ నంబరు పట్టుకున్నది నేను. చుట్టాల పెళ్ళికి పెట్టుకోవాలని కొన్న సీసా. బ్రష్షుతో గీత గీస్తుంటే మీ నాన్న టార్చిలైటు పట్టుకున్నాడు. అది కూడా వణుకుతూ పట్టుకున్నాడు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఆయన కూడా నవ్వబోయి, మళ్ళీ తమాయించుకుని, చివరికి నవ్వేశారు. కళ్ళు మాత్రం తుడుచుకున్నారు. నూనె చేత్తో తుడుచుకున్నారేమో, బుగ్గ మీద నల్లచార పడింది.

*

ప్రాక్టీసుకి రన్‌వే మీద రెండు శనివారాలు దొరికాయి. మీటరు కనపడేలా నా ఫోనుని పక్కసీటు తలగడకి నాలుగు జుట్టు రబ్బర్లతో కట్టాను. నోటుబుక్కు నాది, అంకెలు నావి. పరుగు అవగానే అక్కడివాళ్ళు ఇచ్చే చీటీ మీద, బండి మొదటి అరవై అడుగులు దాటడానికి పట్టిన సమయం కూడా అచ్చుపడి వస్తుంది. బయల్దేరడం బాగుందా లేదా చెప్పేది ఆ అరవై అడుగులే. తర్వాతంతా గేదె, దాని ఇంజనూ చూసుకుంటాయి.

అత్తగారు పదిహేను వందల నుంచి మొదలుపెట్టారు. మూడు పరుగులు. తర్వాత పద్ధెనిమిది వందలు, మూడు పరుగులు. ఇలా రెండేసి, మూడేసి వందలు పెంచుకుంటూ పైకి. పరుగుకీ పరుగుకీ మధ్య బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు చల్లార్చాలి. ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, గొడుగు కింద మడత కుర్చీలో కూర్చునేవారు. ఎవరైనా పలకరిస్తే తల ఊపేవారు, మాట్లాడేవారు కాదు. పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిలా ఉండేవారు.

పళ్ళ డాక్టరు ఒకాయన మా పక్కనే బండి నిలిపేవాడు. కొత్త బండి. బయల్దేరే ముందు పట్టి ఉంచడానికి బ్రేకు కూడా తొక్కక్కర్లేదు. బటన్ నొక్కితే గేర్‌బాక్సే పట్టుకుంటుంది. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు.

"అమ్మగారూ, మోకాలు ఎలా ఉంది?"

"నువ్వు కట్టిన పళ్ళకన్నా గట్టిగా ఉంది నాయనా."

"ఇవాళ ఏంటి, పదిహేను వందల నుంచి బయల్దేరుతున్నారు? బండిని జోలపాడి నిద్రపుచ్చుతున్నారా?"

"నువ్వు మత్తిచ్చి పన్ను పీకుతావు చూడు, అలాగ. నిద్రలోనే పని కానిస్తా."

రెండో శనివారం మధ్యాహ్నానికి నోటుబుక్కులో రెండు పేజీలు నిండాయి. ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద పరుచుకున్నాం. మా ఆయన నా భుజం మీదుగా చూస్తున్నారు.

పదిహేను వందల దగ్గర బండి బద్ధకించింది. అరవై అడుగులకి ఒకటి పాయింట్ ఎనభై ఆరు సెకన్లు. పద్ధెనిమిది వందల దగ్గర డెబ్బై తొమ్మిది. రెండువేల దగ్గర డెబ్బై ఎనిమిది. రెండువేల రెండు వందల దగ్గర కూడా డెబ్బై ఎనిమిదే. రెండువేల ఐదు వందల దగ్గర ఒకసారి డెబ్బై ఆరు, ఒకసారి టైరు జారి ఎనభై నాలుగు. రెండువేల ఎనిమిది వందల దగ్గర ఒక్కసారి డెబ్బై ఐదు వచ్చింది, మిగతా రెండుసార్లు బండి పాకింది.

"డెబ్బై ఐదు!" మా ఆయన వేలు దాని మీద పెట్టారు. "చూడమ్మా, పైన ఉన్నదే ఫాస్టు."

"ఎన్నిసార్లు వచ్చింది?"

"ఒకసారి."

"మీ ఆవిడనడుగు, ఒకసారి వచ్చినదాన్ని ల్యాబులో ఏమంటారో."

"మళ్ళీ రక్తం తియ్యమంటాం," అన్నాను.

తర్వాత ఫోనులో వీడియోలు చూశాం. అక్కడ బయటపడింది అసలు సంగతి. పద్ధెనిమిది వందల నుంచి వదిలినా, రెండువేల రెండు వందల నుంచి వదిలినా, బ్రేకు తీసిన మరుక్షణం ముల్లు ఒక్క గెంతులో మూడువేల రెండు వందలకి పోతోంది. ఎక్కడి నుంచి బయల్దేరినా అక్కడికే. మొదటి ఫ్యాను వేగాన్ని అందుకునేదాకా రెండోది మెల్లగా కదులుతుంది కదా, ఆ సందులో కన్వర్టరే ఇంజన్ని పైకి విసిరేస్తోంది. కాలితో మనం ముందుగా లేపి పెట్టే ఆ నాలుగు వందలూ బ్రేకుకి బరువే తప్ప పరుగుకి పనికిరావడం లేదు.

అత్తగారు పెన్సిలు తీసుకుని పద్ధెనిమిది వందల కింద ఒక గీత, రెండువేల రెండు వందల కింద ఒక గీత గీశారు. మధ్యలో, రెండువేల చుట్టూ, సున్నా చుట్టారు.

"ఇదీ మన చోటు. ఇటు రెండొందలు తప్పినా అటు రెండొందలు తప్పినా బండి ఏమీ అనుకోదు. మనిషి కాలు కదా, తప్పుతుంది. తప్పినా పరవాలేదనే చోట నిలబడాలి."

మా ఆయన ఒప్పుకున్నట్టే ఒప్పుకుని మళ్ళీ అడ్డం తిరిగారు.

"అంతా బాగుంది. కానీ కింది నుంచి బయల్దేరితే బండి గీత వదలడానికి ఆ మాత్రం ఆలస్యమవుతుంది. దీపాల దగ్గరే ఓడిపోతావు."

"ఆలస్యమయ్యేది బండికి. నాకు కాదుగా. నేను ముందే బయల్దేరతాను."

అన్న మాట ప్రకారం మర్నాటి నుంచి వంటింట్లో సాధన మొదలైంది. బరువు మిషన్ గోడకి నిలబెట్టి, ఎడమకాలు ఆనించి కూర్చునేవారు. నేను గరిటెతో మూత మీద అరసెకనుకోసారి మూడు దెబ్బలు కొట్టాలి, మూడు పసుపు దీపాలన్నమాట. ఇన్నాళ్ళూ ఆవిడ కాలు మూడో దెబ్బ విని లేచేది. ఇప్పుడు దానికంటే రవ్వంత ముందు, రెండో దెబ్బ మోగి ఆగుతుండగా లేవాలి. మిషన్ ముల్లు సున్నాకి పడడం నేను చూసి చెప్పాలి.

"ఇప్పుడు?"

"మూడోదానితో కలిసి లేచింది."

"ఛ. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చావదే! మళ్ళీ కొట్టు."

రోజుకి నలభైసార్లు. మూతకి సొట్ట పడింది. పక్కింటివాళ్ళు ఒకరోజు వచ్చి, "ఏమ్మా, అత్తాకోడళ్ళు గరిటెలతో కొట్టుకుంటున్నారట, నిజమేనా?" అని అడిగారు. "కొట్టడం కోడలిదే, లెక్కపెట్టడం నాది," అన్నారు అత్తగారు. పదో రోజుకి కాలు దారికొచ్చింది. నలభైలో ముప్ఫై ఆరుసార్లు, ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నా, అదే సందులో లేచేది. ఆరుపదులు దాటాక ముప్ఫై ఏళ్ళ అలవాటుని పది రోజుల్లో చెరిపి కొత్తది రాసుకున్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. నాకు టీలో పంచదార మానడానికి మూడేళ్ళు పట్టింది.

*

చివరి పందెం రోజు ఎండ మండిపోతోంది. మా ఆయన పొద్దున్నుంచీ బండిని వదల్లేదు. టైర్ల గాలి రెండుసార్లు చూశారు, గేర్‌బాక్సు నూనె మూడుసార్లు చూశారు. బండి పాకితే సీటు తనది. అయినా పాకకుండా ఉండడానికి చెయ్యగలిగినదంతా చేశారు. ఆ మనిషిలో ఆ గుణం ఎక్కడిదో నాకు తెలుసు.

మా పందెంలో ఎవరి బండి ఎంతలో పోతుందో వాళ్ళే ముందుగా అద్దం మీద తెల్లటి బూట్ల పాలిష్‌తో రాసుకోవాలి. మేము పన్నెండు పాయింట్ డెబ్బై ఒకటి అని రాశాం. నెమ్మది బండిని ముందు వదులుతారు, వేగం బండిని ఆ తేడా లెక్కన వెనక వదులుతారు. చెప్పిన సమయానికి దగ్గరగా, అంతకన్నా తక్కువ కాకుండా పోవాలి. అందుకే ముసలి గేదె కొత్త గుర్రాల్ని ఓడించగలుగుతుంది. ఎప్పుడూ ఒకేలా పరిగెత్తే బండి కావాలి, అంతే.

మొదటి మూడు ఆటలూ గేదె రాయిలా నిలబడింది. పచ్చ పడ్డాక కదిలింది. మూడు చీటీలు, మూడింటి మీదా అరవై అడుగులకి డెబ్బై ఎనిమిది. నేను నోటుబుక్కులో మూడూ ఒకదాని కింద ఒకటి రాశాను.

నాలుగో ఆట సెమీఫైనల్. అవతల పళ్ళ డాక్టరు.

స్తంభం ముందు ప్రతి బండికీ రెండు చిన్న దీపాలుంటాయి. మొదటిది వెలిగితే గీత దగ్గరికి వచ్చినట్టు, రెండోది వెలిగితే గీత మీద నిలబడినట్టు. రెండు బండ్లవీ రెండేసి వెలిగాకనే పసుపు దీపాలు మొదలవుతాయి. అత్తగారు వెళ్ళి రెండూ వెలిగించి నిలబడ్డారు. డాక్టరు ఒకటి వెలిగించి ఆగిపోయాడు.

ఆగాడు. ఇంకా ఆగాడు.

"కావాలనే," మా ఆయన పళ్ళు నూరారు. "అమ్మ కాలు అలిసిపోవాలని. పాకించాలని చూస్తున్నాడు."

తప్పు పట్టడానికి లేదు, నియమాల్లో ఉన్న ఆటే అది. గేదె ఎండలో గుర్రుమంటూ నిలబడి ఉంది. నా చూపంతా ముందు చక్రం మీదే. దాని కింద సిమెంటులో చిన్న పగులుంది. చక్రం ఆ పగులుకి వేలెడు ఇవతల ఉంది. ఐదు సెకన్లు. ఎనిమిది. పగులుకీ చక్రానికీ మధ్య వేలెడు దూరం వేలెడుగానే ఉంది.

అకస్మాత్తుగా డాక్టరు బండి ముందుకి జరిగింది. రెండో దీపం వెలిగింది. ముందు బయల్దేరాల్సింది గేదె కాబట్టి ఆ వెంటనే మా వైపు పసుపు దీపాలు పడడం మొదలుపెట్టాయి. ఇంజన్ లేపుకోవడానికి అత్తగారికి దొరికింది ఒక్క ఊపిరి.

టంగ్, అనుకున్నాను లోపల. టంగ్.

గేదె మొహం పైకి లేచింది. వెనక చక్రాలు నేలని కరిచిపట్టుకున్నాయి. పచ్చ వెలిగింది! ఎర్ర కాదు. రెండు సెకన్ల తర్వాత డాక్టరు బండి పిడుగులా దాని వెనకపడింది. అవతలి కొసన రెండూ కలిసిపోయినట్టే కనిపించాయి. ఎవరిదో తెలియలేదు. బోర్డు మీద మా వైపు దీపం వెలిగినప్పుడు మా ఆయన నా భుజం పట్టుకుని ఊపేశారు. నా చేతిలో పెన్సిలు ఎగిరి ఎక్కడో పడింది.

అత్తగారు తిరిగొచ్చి, హెల్మెట్ తీసి, చెమటకి అతుక్కున్న జుట్టు వెనక్కి తోసుకుంటూ నాతో అన్న మొదటి మాట, "చీటీ చూపించు."

అరవై అడుగులకి ఒకటి పాయింట్ డెబ్బై ఎనిమిది. మొత్తం పన్నెండు పాయింట్ డెబ్బై రెండు.

డాక్టరు నడుచుకుంటూ వచ్చాడు. ముందు కాస్త తల గోక్కున్నాడు. "అమ్మగారూ, మిమ్మల్ని అంతసేపు నిలబెట్టినందుకు..."

"నిలబెట్టావు కాబట్టే తెలిసింది నాయనా, నిలబడగలనని. ఏమీ అనుకోకు. అన్నట్టు, నా వెనక పన్ను ఒకటి జివ్వుమంటోంది. మంగళవారం వస్తా, అప్పుడు నువ్వు నన్ను ఎంతసేపైనా కూర్చోబెట్టు."

ఫైనల్లో ఓడిపోయాం. అవతల ఒక స్కూలు టీచరమ్మ, దీపానికి వెంట్రుకవాసిలో బయల్దేరింది. అత్తగారు ఆవిడ దగ్గరికి వెళ్ళి భుజం తట్టి, "కాలు భలే ఉందమ్మా నీది," అని వచ్చారు. ఎర్ర పడలేదు. బండి అంగుళం పాకలేదు. మాకు కావలసింది అది.

*

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. గేదెని షాపులో పెట్టి, సెమీఫైనల్ వీడియో వేసుకున్నాం. మా ఆయన ఒక చోట ఆపారు. బ్రేకు వదిలే క్షణం.

ముల్లు రెండువేల మీద లేదు. డాక్టరు చేసిన తొందరలో పద్ధెనిమిది వందల యాభై దగ్గరికే చేరింది. ఆవిడ అక్కడి నుంచే వదిలేశారు. అయినా చీటీ మీద అదే డెబ్బై ఎనిమిది.

మా ఆయన అత్తగారి వైపు తిరిగారు.

"రెండువేలు అందలేదని నీకు తెలుసా అమ్మా అప్పుడు?"

"తెలుసు."

"భయం వెయ్యలేదా?"

"ఎందుకూ? ఆ చోటు ఎంచుకున్నదే అందుకు కదురా."

ఆయన లేచారు. లోపలికి వెళ్ళి గుడ్డ ముక్క తెచ్చారు. గోళ్ళరంగు చెరిపే మందు సీసా నా అలమరలోంచే తెచ్చారు. గేదెలో కూర్చుని, నాలుగేళ్ళు చుట్టూ తుడిచిన ఆ ఎర్రగీతని తనే తుడిచారు. రెండు రుద్దులకే పోయింది. అద్దం మీద అక్కడ ఏమీ లేనట్టే ఉంది.

అత్తగారు నా వైపు చెయ్యి చాపారు. "నీ దగ్గర ఏ రంగుంది?"

"గులాబి ఉంది. ఎరుపుంది."

"ఎరుపే తే."

ఆవిడ సీట్లోకి వంగి బ్రష్షు ముంచారు. ఈసారి టార్చి నేను పట్టుకున్నాను, వణక్కుండానే పట్టుకున్నాను. ఆవిడ గీత గియ్యలేదు. పద్ధెనిమిది వందల నుంచి రెండువేల రెండు వందల దాకా అద్దం అంచు వెంబడి బొటనవేలి గోరంత వెడల్పున పట్టీ వేశారు. తర్వాత వెనక్కి వాలి, ఊది ఆరబెట్టారు.

"మరి నా సంగతి?" మా ఆయన తలుపు పట్టుకుని నిలబడి, చిన్నపిల్లాడిలా అడిగారు.

"వచ్చే శనివారం ప్రాక్టీసుకి నువ్వు కూర్చో. పదిహేను వందల నుంచి మొదలుపెట్టు. నీ కాలు వేరు, నీ చోటు వేరు. పందేల్లో సీటు మాత్రం నేను లేస్తానన్నప్పుడు." సీసా మూత బిగిస్తూ ఆవిడ అన్నారు. "మూత మీద కొట్టడానికి మీ ఆవిడుంది. రోజుకి నలభై."

మా ఆయన నా వంక చూశారు. నేను వంటింట్లోకి వెళ్ళి గరిటె తెచ్చాను.